మామ కేలండర్, షడ్డకుడి గింబల్

మా షడ్డకుడు తన కెమెరాను ఒక్క వేలితో తిప్పుతాడు. నా కడుపుమంటంతా ఆ వేలి దగ్గరే మొదలైంది.

షడ్డకుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త. కోస్తా వాళ్లు తోడల్లుడంటారు, మా చంద్రపూర్ బజార్లో మరాఠీవాళ్లు సాడూ అంటారు. ఏ భాషలో పిలిచినా ఆ చుట్టరికంలో ఒక తక్కెడ వేలాడుతూనే ఉంటుంది. ఒకే ఇంటికి ఇద్దరు అల్లుళ్లు. ఒకడి విస్తట్లో ఎన్ని ముక్కలు పడ్డాయో రెండోవాడు తల ఎత్తకుండానే చెప్పగలడు.

అతనికి కరెంటు ప్లాంటులో ఉద్యోగం, ఊర్జానగర్ కాలనీలో క్వార్టరు. నాకు లాల్‌పేట్ పోయే దారిలో బేరింగుల దుకాణం. బోరు మోటార్లకు, పిండి గిర్నీలకు, బొగ్గు గనుల్లో నీళ్లు తోడే పంపులకు కావలసిన బేరింగులు, బెల్టులు, గ్రీజు అమ్ముతాను. ఇద్దరికీ ఫోటోల పిచ్చి ఉంది. అందులో వింతేమీ లేదు. మా ఊళ్లో పులి కూడా పొరుగింటి మనిషి లాంటిదే. ఒకసారి నా దుకాణం ముందుకే వచ్చింది. అప్పుడు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి చూసి, బేరింగులు తప్ప తినడానికేమీ లేదని తెలుసుకుని, పక్కనున్న చాయ్ బండి వైపు వెళ్లిపోయింది. ఈ సంగతి మా అత్తగారింట్లో చెబితే ఒక్కరూ నమ్మలేదు. షడ్డకుడు మాత్రం కాలనీ గోడ మీద చిరుతపులి కూర్చుందంటే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. ఎందుకంటే అతని దగ్గర ఫోటో ఉంది. ఫోటో ఎందుకు ఉందంటే, అతని దగ్గర గింబల్ ఉంది.

గింబల్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. కెమెరా పెట్టే ట్రైపాడ్‌కు మూడు కాళ్లుంటాయి. ఆ కాళ్ల పైన కెమెరాను పట్టుకునే భాగాన్ని హెడ్ అంటారు. కాళ్లదేముంది, ఎవరివైనా నిలబడతాయి. గుణమంతా హెడ్‌లోనే ఉంటుంది. గింబల్ హెడ్ చూడటానికి ఒక పక్క గొలుసు ఊడిన ఉయ్యాలలా ఉంటుంది. మూరెడు లెన్సును నడుమ దగ్గర బరువు సరిచూసి అందులో కూర్చోబెడితే, ఇక దానికి బరువే ఉండదు. పైకి నెడితే పైకి, పక్కకు నెడితే పక్కకు పోతుంది. వదిలితే వదిలిన చోట నిలుస్తుంది. ఎగిరే పిట్ట వెంట మా షడ్డకుడి లెన్సు ఇంకో పిట్టలా తిరుగుతుంటే, బేరింగుల మీద బతికేవాడిని, నాకు ఆ నున్నదనం ఎక్కడ నుంచి వస్తోందో తెలుసు. అందుకే మంట ఎక్కువ.

నాది బాల్ హెడ్. గిన్నెలో గోలీ పెట్టినట్టు ఒక గుండు, ఆ గుండు మీద కెమెరా. మర వదులు చేస్తే ఎటైనా వాలుతుంది, బిగిస్తే ఆగుతుంది. కొండలు, చెరువులు, సూర్యోదయాలు, అంటే కదలకుండా మన కోసం ఆగేవన్నీ దాని మీద బాగా వస్తాయి. కాని పెద్ద లెన్సు ఎక్కించి, పిట్ట వైపు గురిపెట్టి, బిగించి చెయ్యి తీస్తే చాలు, అన్నం తిన్న గుమాస్తాలా మెల్లగా తల వాలుస్తుంది. పిట్ట ముక్కుకు గురిపెడితే తోక వస్తుంది. తోకకు పెడితే కొమ్మ వస్తుంది. నా దగ్గర కొమ్మల ఫోటోలు చాలా ఉన్నాయి.

“నువ్వు గుడ గదే కొనుక్కోవచ్చు గదా, రోజూ గా గింబల్ పేరే పలవరిస్తవు,” అని మా ఆవిడ అంది. ఎలా కొంటాను? చిన్నల్లుడు కొన్నదాన్నే తర్వాత పెద్దల్లుడు కొంటే అది చూసి కొన్నట్టే. రాజురాలో మా అత్తగారి వాడకట్టంతా అదే మాట అనుకుంటుంది.

అయినా ఒకసారి నాగపూర్ వెళ్లి కెమెరా దుకాణంలో అడిగాను. దుకాణం మనిషి గాజు బల్ల మీద మూడు హెడ్లు వరసగా పెట్టాడు. ఒకటి మూడు పిడులున్నది, ఒక్కో పిడి ఒక్కో దిక్కుకు తిప్పుతుంది. మనిషి నిదానస్థుడైతే పనికొస్తుంది. రెండోది బాల్ హెడ్. మూడోది గింబల్.

“కాకా, లాండ్‌స్కేప్ కీ వైల్డ్‌లైఫ్?” అని అడిగాడు.

“దోన్హీ,” అన్నాను. రెండూ.

“దోన్హీ నాహీ జమత్, కాకా.” రెండూ ఒకదాంతో కుదరవట. నదీ కొండా తీసేవాడికి కదలనిది కావాలి, జంతువును తీసేవాడికి కదిలేది కావాలి, ముందు మీరు ఎవరో తేల్చుకోండి అన్నాడు. నేను అతని మాటలు వింటున్నట్టే మొహం పెట్టి, ఒక వేలితో గింబల్‌ను అలా నెట్టి చూశాను. అది చప్పుడు లేకుండా తిరిగి, ఇంకా తిరగనా అన్నట్టు ఆగింది. నాకు నోట్లో నీళ్లూరాయి. “ఇది మా ఊళ్లో అందరి దగ్గరా ఉంది, పాతబడిపోయింది,” అని చెప్పి ఆ దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద బాల్ హెడ్ కొనుక్కుని బయటికొచ్చాను.

ఆ వారమే రాజురాలో అందరి ముందూ దాన్ని చూపించి, “దీని మీద ఎద్దును ఎక్కిచ్చినా జారది,” అన్నాను.

మా షడ్డకుడు మర్యాదగా చేతిలోకి తీసుకుని చూసి, “ఎద్దు ముచ్చట సరే అన్నా, పిట్ట నిలుస్తదా?” అన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పోటీకి ఒక బహుమతి ఉంది. అది మా మామ కేలండర్.

మామకు రాజురాలో విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఏటా చలికాలం మొదట్లో కేలండర్ అచ్చు వేయించి, వర్ధా నది నుంచి కోర్పనా దాకా ఉన్న పల్లెల్లో రైతులకు పంచుతాడు. మొదట్లో దేవుళ్ల బొమ్మలు వేయించేవాడు. దేవుడి బొమ్మను ఎవరూ పారెయ్యరు కదా. జనం పాత కేలండర్‌ను మేకుకు అలాగే ఉంచి, కొత్తదాన్ని దాని వెనక తగిలించేవారు. ఒక ఇంట్లో అయితే మామ వేయించిన కేలండర్లన్నీ ఒకే మేకుకు దొంతరగా వేలాడుతున్నాయట. పైనున్న తారీకు ఏ యేటిదో ఎవరికీ తెలియదు. అప్పుడు మామ దేవుళ్లను మానేసి, ఇంట్లోనే ఇద్దరు ఫోటోల అల్లుళ్లున్నారు కదా అని మా వైపు తిరిగాడు.

తిరిగిన రెండేళ్లూ చిన్నల్లుడి ఫోటోయే వేశాడు. మొదటి ఏడు లకుముకిపిట్ట. రెండో ఏడు చేపను కాళ్లతో పట్టుకుపోతున్న గద్ద. బొమ్మ కింద చిన్న అక్షరాలతో మరాఠీలో ‘ఛాయాచిత్ర: ధాకటే జావయి’ అని ఉండేది. అంటే చిన్నల్లుడు తీసిన ఫోటో. మా దగ్గర తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదివేవాళ్లు తక్కువ, అందుకని కేలండర్ మరాఠీలోనే ఉంటుంది. ఆ రెండు మాటలు నా దుకాణం గోడ మీద కూడా రెండేళ్లు వేలాడాయి. మామ ఇచ్చిన కేలండర్‌ను తగిలించకపోతే మా ఆవిడ ఊరుకోదు. రోజూ తారీకు చూడాలంటే ముందు ‘ధాకటే జావయి’ చూడాలి. నాకు కావలసింది పెద్ద విషయమేమీ కాదు. ఒక్క ఏడాది ఆ చోట ‘థోర్లే జావయి’ అని ఉండాలి. పెద్దల్లుడు అని.

ఈ ఏడు పత్తి తీతల రోజుల్లో మామ ఇద్దరినీ పిలిచాడు.

“పోయిన యేడు కేలండర్ చూసి రైతులేమన్నరో ఎరుకేనా? గద్ద మంచిగున్నది సేటూ, గని గద్దకూ నీ విత్తనాలకూ ఏం సంబంధం అని అడిగిండ్రు. ఈసారి నది కనవడాలె, పత్తి కనవడాలె, గండ్ల ఒక జీవం గుడ ఉండాలె.”

“పులిని పెడదామా మామా?” అన్నాను.

“నీ పులి వద్దు. నీ పులి నోట్లె ఉంటది గని ఫోటోల ఉండది.”

వంటింటి గడపలో నిలబడ్డ అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏ పులి? చాయ్ తాగవోయినదేనా?”

అందరూ నవ్వారు. షడ్డకుడు కూడా నవ్వాడు, కాని అతని మొహంలో ఒక చింత కనిపించింది. నాకు వెంటనే అర్థమైంది. అతని దగ్గర గింబల్ ఒక్కటే ఉంది. నదీ చేనూ తియ్యాలంటే గీత సరిచూసుకుని కెమెరాను కదలకుండా బిగించాలి. పిట్టల వెంట తిప్పే ఉయ్యాలలో ఆ పని కష్టం. నాగపూర్ దుకాణం మనిషి చెప్పింది అదే.

బయట మోటార్‌సైకిళ్ల దగ్గరికి వచ్చాక అతని భుజం మీద చెయ్యి వేశాను. “తమ్మీ, నదికి బాల్ హెడే కావాలె. ఒక్క పూట మార్సుకుందాం. నా బాల్ నీకు, నీ గింబల్ నాకు. నువ్వు పత్తి, నది తియ్యి. నేను పిట్టను తీస్త. మామకు ఏది నచ్చితే గదే.”

“నీకు గింబల్ అలవాటు లేదు గదా అన్నా?”

“బేరింగుల నడుమ పుట్టి పెరిగినోన్ని, నాకు అలవాటు లేదంటవా?”

అతను ఒప్పుకున్నాడు. నా లెక్క సూటిగా ఉంది. చేను ఎంత బాగా వచ్చినా చేనే, దాన్ని రైతు రోజూ చూస్తాడు. గద్ద నీళ్ల మీద పడ్డ క్షణం ముందు ఏ చేనైనా వెలవెలబోతుంది. రెండేళ్ల కేలండర్లే దానికి సాక్ష్యం. గింబల్ నా చేతికొస్తే గద్ద నాది, ఆ రెండు మాటలూ నావి.

అనుకున్న దానికి ముందు రోజు మధ్యాహ్నం అతను గింబల్ తీసుకుని నా దుకాణానికి వచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి చెవి ఆనించి తిప్పాను. ఏ చప్పుడూ లేదు. ఏ చప్పుడూ లేకపోవడం నాకు నచ్చలేదు. ఇంత బాగున్న వస్తువును నేను ఏమీ చెయ్యకుండా తిరిగిస్తే అది ఎప్పటికీ అతనిదిగానే ఉంటుంది. పైగా బేరింగ్ కనబడితే నా చెయ్యి ఊరుకోదు, అది పుట్టుబుద్ధి. గ్రీజు డబ్బా మూత తీశాను.

“అన్నా, అన్నా, ఏం చేస్తున్నవే? గది సీల్ బేరింగ్. దానికి గ్రీజు వద్దు.”

“గిర్రుమంటుంది, ఇనవడ్తలేదా?”

“నాకేం ఇనవడ్తలేదు.”

“నీకెట్ల ఇనవడుతది, ప్లాంటుల టర్బైన్ల కాడ పనిచేసేటోనివి.” ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ వేలితో కూరాను. దుకాణంలోకెల్లా మంచి గ్రీజు, గనుల్లో పంపులకు వేసేది. రెండుసార్లు తిప్పేసరికి వెన్నలా తిరిగింది. “సూడు,” అన్నాను. అతను చూశాడు. నా బాల్ హెడ్‌ను సంచిలో వేసుకుని, ఒకసారి వెనక్కి గింబల్ వైపు చూసి వెళ్లిపోయాడు. పిల్లను అత్తారింట్లో వదిలి వెళ్లే మనిషి కూడా అంతలా చూడడు.

తెల్లవారి ఇద్దరం నది ఒడ్డున మామ చేను దగ్గర దిగాం. ఒడ్డు పొడుగునా పత్తి విచ్చుకుని ఉంది. నీళ్ల మీద మంచు లేచి రాళ్ల మధ్య తిరుగుతోంది. రాళ్ల మీద కొంగలు మెడలు భుజాల్లోకి లాక్కుని ఎండ కోసం చూస్తున్నాయి. చలి ఎలా ఉందంటే, నా నోట్లోంచి వచ్చిన మాట గడ్డకట్టి షడ్డకుడి దాకా చేరకుండా మధ్యలోనే రాలిపోయింది. ఆ మాట తర్వాత ఎండ ఎక్కాక కరిగి వినబడిందని అతనే చెప్పాడు, కావాలంటే అడగండి.

అతను గట్టు మీద నా బాల్ హెడ్ పెట్టుకున్నాడు. నేను కిందికి దిగి నీళ్ల అంచున రాళ్ల మధ్య గింబల్ నిలబెట్టి, లెన్సు బరువు సరిచూసి, ఒక వేలితో నెట్టాను.

కదల్లేదు.

మా గ్రీజు గనుల్లో రాత్రింబగళ్లు తిరిగే పంపుల కోసం చేసింది. వేడెక్కితేనే దానికి ప్రాణం. వర్ధా ఒడ్డు చలికి అది చల్లారిన బెల్లం పాకంలా బిగుసుకుపోయింది. ఇంతలో గద్ద వచ్చింది. నది మీద గుండ్రంగా తిరుగుతోంది. నేను రెండు చేతులతో ఎడమకు నెట్టాను. లెన్సు కాసేపు ఆలోచించి ఎడమకు బయలుదేరింది. అది చేరేసరికి గద్ద కుడికి పోయింది. కుడికి తోశాను. గద్ద నీళ్ల మీద పడింది, చేపను పట్టింది, ఎగిరిపోయింది. తర్వాత నా లెన్సు ఆ చోటికి చేరుకుంది.

అబ్బా అని కూడా అనలేదు. అంటే గట్టు మీదివాడికి గ్రీజు సంగతి తెలిసిపోతుంది. నడుం వంచి, మెడ ముందుకు చాచి, భుజం మొత్తం ఆనించి నెడుతూ అలాగే ఉండిపోయాను. ఎంతసేపంటే, పక్క రాయి మీది కొంగలు నన్ను మనిషిగా లెక్కచెయ్యడం మానేశాయి. ఒకటి నా ట్రైపాడ్ కాలు పక్కనే నిలబడింది. గట్టు మీద మా షడ్డకుడు బిగించిన కెమెరా పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, పాపం చేను తీసుకుంటున్నాడని జాలిపడ్డాను కూడా.

“ఎట్లొచ్చిందన్నా?” అని ఎండ ఎక్కాక అడిగాడు.

“గద్ద కంట్లె నా బొమ్మ కనవడేంత దగ్గర వచ్చింది,” అన్నాను.

ఆ మధ్యాహ్నం మామ దుకాణంలో ఎరువు సంచుల మీద అందరం కూర్చున్నాం. మామ కళ్లద్దాలు తుడుచుకుని లాప్‌టాప్ ముందు పెట్టుకున్నాడు. పెద్దల్లుడినని ముందు నావే చూశాడు.

“ఇదేందల్లుడా? ఉత్త మొగులే ఉన్నది?”

“గద్ద అప్పుడే పోయింది మామా.”

“మరి ఇది?”

“గండ్ల గద్ద ఇంక రాలే.”

“ఈ నీళ్లేంది?”

“గది చేపను పట్టిన జాగ.”

మామ కళ్లద్దాలు తీసి నన్ను ఒకసారి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత షడ్డకుడి ఫోటో తెరిచారు. ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లగా పత్తి, దాని కింద మంచు, మంచులోంచి మెరుస్తున్న నది, రాళ్ల మీద వరసగా కొంగలు. గీత గీసినట్టు ఉంది. ఒక్క ఆకు కూడా చెదరలేదు. నా గుండు అంత గట్టిగా పట్టుకుంది.

అత్తమ్మ వంగి తెర మీద వేలు పెట్టింది. “గీ ఒక్క కొంగ గంత పెద్దగున్నదేంది?”

“గది కొంగ కాదత్తమ్మా,” అన్నాడు షడ్డకుడు మెల్లగా. “అన్న.”

మా ఆవిడ నవ్వు వీధి దాకా వినబడింది. మామ ఇంకా దగ్గరికి జరిగి చూశాడు. వంగిన నడుము, చాచిన మెడ, ముందు ముక్కులా లెన్సు, పక్కనే నిజం కొంగ.

“నది ఉన్నది, పత్తి ఉన్నది, జీవం గుడ ఉన్నది,” అన్నాడు మామ. “మా పెద్దల్లుడు నోరు మూసుకోని ఉన్నది నా జన్మల ఇదే మొదలు చూసుడు. గిదే ఖాయం.”

కేలండర్ కొత్త సంవత్సరానికి ముందే వచ్చింది. బొమ్మ కింద అక్షరాలు మామూలు కంటే కొంచెం పొడుగ్గా ఉన్నాయి. ‘ఛాయాచిత్ర: ధాకటే జావయి. చిత్రాత: థోర్లే జావయి.’ తీసింది చిన్నల్లుడు, బొమ్మలో ఉన్నది పెద్దల్లుడు. నాకు కావలసిన రెండు మాటలూ అచ్చయ్యాయి, నదికి కోర్పనాకు మధ్య ప్రతి ఇంట్లోనూ మేకుకు వేలాడుతున్నాయి. ఎక్కడ అచ్చు కావాలో చెప్పకపోవడం నా తప్పే అనుకోవాలి.

నా దుకాణంలోనూ తగిలించాను. బెల్టు కోసం వచ్చిన పిండి గిర్నీ ఆయన దాన్ని చూసి, “ఈ మనిషి ముంగట ఉన్న మిషినేంది సేటూ?” అన్నాడు. “గింబల్. నాదే,” అన్నాను. “ఆ పొద్దు అవతలి ఒడ్డున పులి నీళ్లు తాగుతుండె. అందుకే గట్ల కదలకుండ ఉన్న. పత్తి అడ్డమొచ్చి పులి పడలేదు.” ఆయన చాలాసేపు పత్తి వెనక పులి కోసం వెతికాడు. ఒక్కోసారి గిరాకీ లేనప్పుడు నేనూ ఆ బొమ్మ చూస్తూ ఉంటాను. గింబల్ మీద వాలి నిలబడ్డ ఆ మనిషి ఎంత అదృష్టవంతుడో అనిపిస్తుంది. గ్రీజు సంగతి బొమ్మలో కనబడదు కదా.

పోయిన ఆదివారం షడ్డకుడు సంచి భుజాన వేసుకుని దుకాణానికి వచ్చాడు. చాయ్ తాగాడు. కేలండర్ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“అన్నా, ఒక మాట. నీ బాల్ హెడ్ నాకిచ్చెయ్యి. గింబల్ నువ్వే పెట్టుకో. నీ గ్రీజంత కడిగి సాఫ్ చేసిన, ఇప్పుడు వేలు తాకిస్తే చాలు.”

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నేను వేలు తాకించాను. చప్పుడు లేకుండా తిరిగి, ఇంకా తిరగనా అన్నట్టు ఆగింది. ఇన్నాళ్లూ కలలో తిరిగింది ఎదురుగా తిరుగుతోంది. చెయ్యి చాపితే నాది.

ఆ రోజే తిరిగి తీసుకున్న నా బాల్ హెడ్ వెనక అరలో ఉంది. దాని వైపు చూశాను. ఆ మంచు, ఆ గీత, చెదరని ఆ పత్తి, ఇవేవీ నా దగ్గర ఉన్నంతకాలం నాకొక్కసారైనా చూపించలేదు ఆ గుండు. పరాయివాడి చేతికి వెళ్లిన పూటే చూపించింది. ఇక దాన్ని అతనికి ఇచ్చేస్తే వచ్చే ఏడు ఏం చూపిస్తుందో, ఆ పై ఏడు ఏం చూపిస్తుందో. నాకు ఒంట్లో వేడి పుట్టింది.

“ఇయ్య,” అన్నాను.

“ఏందన్నా? గింబల్ కావాలె గింబల్ కావాలె అని నీకున్నదని వదిన చెప్పిందే?”

“బాల్ నాకు అలవాటైంది. ఎద్దును ఎక్కిచ్చినా జారది.”

అతను నిట్టూర్చి గింబల్‌ను సంచిలో పెట్టబోయాడు. నా వేలు ఇంకా దాని మీదే ఉంది.

“పొద్దుగూకేదాంక ఈడనే ఉంచిపో తమ్మీ,” అన్నాను. “గ్రీజు మొత్తం తీసేసినవు గదా, సప్పుడొస్తుందేమో చూస్త.”

ఒక్క వేలితో కెమెరా తిప్పే మనిషి, గింబల్‌ను లాక్కుని సంచిలో వేసి, ఆ సంచిని రెండు చేతులా ఛాతీకి హత్తుకుని మెట్లు దిగాడు.